మావాడి పథ్యం

"వీడు ఏం తింటాడు?" అని కుక్కల డాక్టరు అడిగితే మేం నలుగురం ఒకేసారి నాలుగు జవాబులు చెప్పాం. మా అమ్మాయి "చికెన్, అన్నం" అంది. అల్లుడు "ప్యాకెట్ ఫుడ్" అన్నాడు. మనవరాలు "బిస్కట్" అంది. నేను తెలుగులో "మేం ఏం తింటే అదే" అన్నాను. డాక్టరుకి తెలుగు రాదు. అయినా మిగతా ముగ్గురూ నా వైపు తిరిగిన తీరు చూసి, నిజం చెప్పింది ఈ ముసలావిడే అని కనిపెట్టేశాడు.

బల్ల మీద మావాడు దోషిలా నిలబడి ఉన్నాడు. తోక మొదట్లో, చంకల్లో బొచ్చు ఊడిపోయింది. పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకున్నాడు. చెవి తెరిస్తే పులిసిన దోసెల పిండి వాసన. వాడు ఏ జాతివాడూ కాదు. ఫరీదాబాద్‌లో మా సెక్టారు గేటు దగ్గర వానలో తడుస్తుంటే మనవరాలు బడి సంచిలో పెట్టుకుని తెచ్చిన వీధి కుక్కపిల్ల. ఒళ్లంతా నలుపే, ఎక్కడా ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. మనవరాలు పెట్టిన ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు. నేను "ఒరేయ్" అంటాను, పలుకుతాడు.

"రోడ్డు మీద పుట్టినవాడికి ఎలర్జీ ఏంటండీ డాక్టర్!" అని అల్లుడు హిందీలో వాపోయాడు.

ఎక్కడ పుట్టినా ఒంటికి పడనిది పడదన్నాడు డాక్టరు. ఏది పడటం లేదో రక్తం తీసి చెప్పడం కుదరదట. ఉన్నది ఒక్కటే దారి, పథ్యం. ఇంతవరకూ వాడి నోట్లో పడని మాంసం ఒకటి, వాడి నోట్లో పడని దుంపో గింజో ఒకటి. ఎనిమిది వారాలు ఆ రెండే పెట్టాలి. దురద తగ్గితే అప్పుడు పాతవి ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. ఈలోగా నాలుక మీద ఇంకేమీ పడకూడదు. తిన్నదల్లా, గోక్కున్నదల్లా ఎవరైనా పుస్తకంలో రాయాలి.

మా ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లే. కానీ అల్లుడు ఏడింటికే ఫ్యాక్టరీకి పోతాడు, అమ్మాయి మెట్రో ఎక్కి ఢిల్లీ ఆఫీసుకి పోతుంది, పిల్ల బడికి పోతుంది. వాడి గోకుడు చూసే తీరిక నాకొక్కదానికే ఉంది.

"నేను రాస్తాను" అన్నాను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒక శీతాకాలం పొగమంచుకి, పొగకి బడులు మూసేస్తే, మనవరాలికి తెలుగు నేర్పుదామని మా అమ్మాయి పలక కొంది. పిల్ల ఏడుస్తూ దిద్దేది, నేను పక్కన కూర్చుని బఠానీలు ఒలిచేదాన్ని. గుణింతాల దగ్గరికి వచ్చేసరికి పిల్ల పలక వదిలేసి పారిపోయింది. బఠానీలు అయిపోయినా నేను లేవలేదు. ఆ తర్వాత ఊరి నుంచి వచ్చిన పచ్చడి సీసాలకు చుట్టిన పాత పేపర్లన్నీ చదివాను, నూనె మరకల చుట్టూ తిరిగి. కానీ రాసే పని ఎప్పుడూ పడలేదు. ఎవరికి రాస్తాను? అందరూ ఫోన్‌లోనే ఉన్నారు.

ఇంటికి వస్తూ కారులో అల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఆయన మంచివాడే. చెడ్డ మాట చెప్పాల్సి వస్తే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు.

"అత్తయ్యగారూ, రెండు నెలలు చూద్దాం. తగ్గకపోతే మా ఆఫీసు మిత్రుడికి పల్వల్ అవతల పొలం ఉంది. అక్కడికి పంపేద్దాం. గాలి, వెలుతురు, పరిగెత్తడానికి చోటు. మీ వాడికీ సుఖం."

వెనక సీట్లో మావాడు నా ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాడు. మా ఇంట్లో తెలుగు మొత్తం అర్థమయ్యేది వాడికే. మనవరాలితో మాట్లాడితే హిందీలో జవాబు వస్తుంది. అమ్మాయి తెలుగు సాయంత్రానికి ఆఫీసులోనే అరిగిపోయి వస్తుంది. పొద్దుట ఏడున్నర నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడేదంతా వాడితోనే. వాడు వెళ్లిపోతే నేను ఎవరితో మాట్లాడాలి? ఆ పొలంలో వాడితో ఎవరు మాట్లాడతారు, ఏ భాషలో?

"రెండు నెలలు చాలు బాబూ" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

వాడు ఎరగని మాంసం చేప ఒక్కటే. కారణం మా ఇల్లుగలావిడ. ఆవిడ మా పైఅంతస్తులో ఉంటుంది, చీమకు కూడా పంచదార వేసే మనిషి. మేం ఇంట్లో దిగిన రోజే "గుడ్డు సంగతి నేను అడగను, మీరు చెప్పొద్దు. మచ్‌లీ మాత్రం వద్దు" అని చెప్పింది. చికెన్ మసాలాల్లో దాక్కుంటుంది, చేప దాక్కోదు. పదమూడేళ్లుగా గోదావరి మనిషిని చేప వండకుండా బతికాను. తినాలంటే ఢిల్లీలో ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉన్న మా చుట్టాలింటికి పోవాల్సిందే.

దుంప విషయంలో ఇబ్బంది లేదు. శీతాకాలం, బండ్ల నిండా చిలగడదుంపలు.

మొదటి రోజు బొచ్చె చేప ఉడకేశాను. ఉప్పు లేదు, పసుపు లేదు, చింతపండు లేదు. చేపకు అంత అవమానం నా చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు. నీళ్లు మరిగాయో లేదో, పైనుంచి చెప్పుల చప్పుడు.

"బెహన్‌జీ, ఇదేం వాసన?"

"దవాయి. కుత్తే కీ దవాయి" అన్నాను, కుక్క మందని.

"దవాయికి ముళ్లుంటాయా?" అంది పళ్లెంలోకి చూసి.

మా అమ్మాయి ఫోన్‌లో అరగంట బతిమాలింది. చివరికి ఆవిడ పదకొండు నుంచి పన్నెండు దాకా సత్సంగానికి పోతుంది కాబట్టి ఆ గంటలో ఉడికించి, కిటికీలు తెరిచి, అగరువత్తులు వెలిగించేటట్టు ఒప్పందం కుదిరింది. ఆవిడ గుళ్లో భజన, నేను వంటింట్లో ముళ్లు ఏరడం. మావాడు గుమ్మంలో కూర్చుని రెండు చోట్లా జరగాల్సిన ధ్యానమంతా తానే చేసేవాడు.

పుస్తకం మనవరాలి పాత లెక్కల నోట్‌బుక్కు. ఎడమ వైపు తిండి, కుడి వైపు గోకుడు. గోక్కున్నప్పుడల్లా ఒక గీత. "పొద్దున్న చేప, దుంప. గీతలు పదకొండు. మధ్యాహ్నం చేప, దుంప. గీతలు తొమ్మిది. నా పెన్ను చూసి ఒకసారి ఆపేశాడు." ఇలా ఉండేవి. ఒక పేజీ రాయడానికి నాకు పప్పు ఉడికేంత సేపు పట్టేది.

మూడు వారాలు గడిచినా గీతలు తగ్గలేదు. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఆయనకు తెలుగు రాదు కాబట్టి మా అమ్మాయి నా పుస్తకం తీసి చదివి హిందీలో చెప్పింది. నా రాత అది చదవడం అదే మొదటిసారి. నాలుగైదు పేజీల దాకా గబగబా చదివింది. తర్వాత నెమ్మదించింది. తప్పులు ఉండే ఉంటాయి, ఒక్కటీ ఎత్తిచూపలేదు. "పెన్ను చూసి ఆపేశాడు" దగ్గర మాత్రం ఆగి, నా వైపు చూసి, అది డాక్టరుకి చెప్పకుండా తన దగ్గరే ఉంచుకుంది.

"ఇవి కాక ఇంకేమీ పెట్టలేదా?" అన్నాడు డాక్టరు.

"ఒట్టు, ఏమీ లేదు" అన్నాను.

మనవరాలు నా కొంగు లాగింది. "అమ్మమ్మా, ఔర్ దహీ?"

"దహీయా? అది తిండి కాదే."

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. మా అమ్మాయి తల పట్టుకుంది. "అమ్మా, రోజూ పెరుగు పెడుతున్నావా?"

"మరి అన్నం తిన్నాక... అదే, దుంప తిన్నాక పెరుగు వెయ్యకుండా ఎలా లేపుతానే? రెండు చెంచాలు. ఏ ప్రాణినైనా పెరుగు లేకుండా విస్తరి ముందు నుంచి లేపేస్తారా?"

నేను అబద్ధం చెప్పలేదు. పెరుగు నా దృష్టిలో తిండి కాదు, తిండి అయిపోయిందని చెప్పడం. అది తిండి లెక్కలోకి వస్తుందని తోచలేదు. ఆ మాట హిందీలోకి మార్చడానికి మా అమ్మాయి చాలా అవస్థ పడింది. డాక్టరు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈ మూడు వారాలు లేనట్టే, మళ్లీ ఒకటో రోజు.

కారులో అల్లుడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, కానీ ఏమీ అనలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

పెరుగు మానేశాను. ఖాళీ పళ్లెం ముందు వాడు లేవకుండా కూర్చునేవాడు, ఇంకా భోజనం అవ్వలేదన్నట్టు. "అయిపోయింది రా, లే" అంటే, ఇంత చదువుకున్న దానివి నువ్వే ఇలా అంటావా అన్నట్టు చూసేవాడు.

నాలుగు వారాలయ్యాయి. ఈసారి ఒక వింత జరిగింది. నాలుగైదు రోజులు గీతలు తగ్గేవి, మళ్లీ ఒక్కసారిగా పెరిగేవి. ఒక మధ్యాహ్నం వాడు ఎండలో పడుకుంటే పక్కన కూర్చుని మొదటి నుంచి చదువుకున్నాను. పద్దు కోసం రాసుకున్న దాన్ని ఎవరైనా తిరిగి చదువుకుంటారా? కానీ నేను రాసింది నేనే చదవడం నాకు కొత్త, అందుకని వదలకుండా చదివాను. ఆదివారం గీతలు ఇరవై. సోమవారం ఇరవై ఆరు. గురువారానికి ఐదు. మళ్లీ ఆదివారం పంతొమ్మిది. ప్రతి వారమూ అంతే.

ఆదివారం ఇంట్లో ఎక్కువగా ఉండేది ఎవరు? అల్లుడు.

సాయంత్రం టీ ఇస్తూ, "బాబూ, ఆదివారాలు వాడికి మీరేమైనా పెడుతున్నారా?" అని అడిగాను.

"అత్తయ్యగారూ! నన్ను అనుమానిస్తున్నారా?"

"పుస్తకం అంటోంది."

ఆయన కప్పు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది. "ఒక్కసారి. ఆమ్లెట్ అంచు. వాడే నా చేతిలోంచి... అదీ ఆదివారం కాదు, మంగళవారం."

మంగళ, బుధవారాల పేజీలు తీశాను. గీతలు తగ్గుతూనే ఉన్నాయి. అల్లుడు నిర్దోషి. కానీ ఆ రోజు నుంచి ఆమ్లెట్ తలుపు వేసుకుని తిన్నాడు.

ఆదివారం దురద మొదలైందంటే శనివారం ఏదో జరిగిందన్న మాట. శనివారం పొద్దున్న మా ఇంట్లో ఏం జరుగుతుంది? అమ్మాయీ అల్లుడూ ఆలస్యంగా లేస్తారు. మావాడిని మెట్ల మీద ఎండలో వదిలి గేటు గడియ వేస్తాను. నేను తలంటుకుని వెంకన్నకు పిండి దీపం పెట్టి, గోవింద నామాలు మొత్తం చదువుతాను. మిగతా రోజుల్లో పావుగంట, శనివారం గంట.

ఆ వచ్చిన శనివారం వెంకన్నకు ముందే చెప్పుకున్నాను, ఇవాళ నామాలు సగమే, మిగతావి రేపు చదువుతానని. దీపం పెట్టి తలుపు సందులోంచి మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

మావాడు కాలు మీద కాలు వేసుకుని పడుకోలేదు. బుద్ధిగా, బడి పిల్లాడిలా కూర్చుని పై మెట్ల వైపే చూస్తున్నాడు. చెప్పుల చప్పుడు లేదు. ఇల్లుగలావిడ వట్టి కాళ్లతో దిగింది. తల మీద చున్నీ, చేతిలో స్టీలు పళ్లెం, అందులో గోధుమ రొట్టె, దాని మీద ఆవనూనె మెరుస్తోంది. వాడి ముందు పెట్టింది. వాడికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. వాడు దణ్ణం పూర్తి కాకముందే రొట్టె పూర్తి చేశాడు. ఆవిడ వెనక్కి తిరిగి మెట్లెక్కుతోంది.

"బెహన్‌జీ!" అని బయటికి వచ్చాను.

ఆవిడ ఆగింది, తిరగలేదు. మాట్లాడలేదు. గబగబా రెండు మెట్లెక్కింది.

"బెహన్‌జీ, రుకో! కుత్తా కో రోటీ నహీ! గేహూ నహీ! దవాయి చల్తా హై!" ఆగమనీ, కుక్కకి గోధుమ రొట్టె వద్దనీ నాకు వచ్చిన హిందీ అంతా ఆవిడ వీపు మీద కుమ్మరిస్తూ వెనకాలే ఎక్కాను. ఆవిడ చున్నీతో చెవులు మూసుకుని పరుగు. ఆ మోకాళ్లతో ఆవిడ అంత వేగంగా పోగలదని నాకు తెలియదు. నా వెనక మావాడు, ఇదేదో శనివారం ఆట కాబోలనుకుని మొరుగుతూ. తలుపు వేసుకునే దాకా ఆవిడ వెనక్కి చూడలేదు.

పావుగంట తర్వాత ఆవిడే కిందికి వచ్చింది. ఈసారి చెప్పులు వేసుకుని, కోపంగా. మా అమ్మాయి నిద్ర కళ్లతో మా ఇద్దరి మధ్యా కూర్చుని ఇటు మాటలు అటు మార్చింది.

సంగతేంటంటే ఆవిడ భర్తకు ఏలినాటి శని. స్కూటర్ మీంచి రెండుసార్లు పడ్డాడు, గీజర్ పేలింది, పన్ను విరిగింది. పండిట్‌జీ ఉపాయం చెప్పాడు. ఇరవై ఒక్క శనివారాలు నల్లకుక్కకి ఆవనూనె రాసిన రొట్టె పెట్టాలి. ఎవరికీ చెప్పకూడదు, పెట్టాక వెనక్కి తిరిగి చూడకూడదు, మాట్లాడకూడదు. ఒక్క వారం తప్పినా మళ్లీ మొదటి నుంచి.

"పద్దెనిమిది అయ్యాయి, ఇంకా మూడు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు ఆపమంటే ఎలా?"

మళ్లీ మొదటి నుంచి అంటే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నేను లోపల వెంకన్న దగ్గర కూర్చున్న గంటే ఆవిడ బయట శని దగ్గర నిలబడింది. ఇద్దరం ఇంటివాళ్ల కోసమే. మధ్యలో కడుపు మాత్రం మావాడిది.

"వేరే నల్లకుక్క లేదా?" అంది మా అమ్మాయి.

"మొత్తం సెక్టారు తిరిగాను బేటీ. అన్నీ గోధుమరంగే. పార్కులో ఒకటి ఉంది కానీ దాని పాదాలు తెలుపు. పండిట్‌జీ పనికిరాదన్నారు."

అప్పుడు నేను అడిగాను. "రొట్టె అన్నారా, గోధుమ రొట్టె అన్నారా?"

ఆవిడ ఆలోచించింది. అక్కడే పండిట్‌జీకి ఫోన్ చేసింది. ఆయన కాసేపు తటపటాయించి, పట్టుబడ్డాక చెబితే దోషం లేదనీ, పిండి పేరు ఎక్కడా చెప్పలేదనీ, గుండ్రంగా ఉండి పెనం మీద కాలితే అది రొట్టేననీ, నూనె మాత్రం తప్పదనీ తేల్చాడు. మా అమ్మాయి డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ముందు నవ్వి, తర్వాత దగ్గి, నూనె ఒక్క చుక్కయితే పరవాలేదన్నాడు. పెరుగుకి ఒప్పుకోని మనిషి శనికి ఒప్పుకున్నాడు. కానీ ఎనిమిది వారాలూ ఇవాళ్టి నుంచే లెక్క అన్నాడు.

అది అల్లుడికి చెప్పాల్సింది నేనే. ఆయన చెప్పిన రెండు నెలలు ఆ వారంతోనే అయిపోతున్నాయి. పుస్తకం ఆయన ముందు పెట్టి ఆదివారాలన్నీ వేలితో చూపించాను. "బాబూ, దొంగ దొరికాడు. రుజువుకి ఇంకొంచెం టైము కావాలి."

ఆయన పేజీలు తిప్పాడు. అనుమానం కింద తన పేరు రాసి కొట్టేసి ఉండటం కనిపించినట్టుంది, నవ్వాపుకున్నాడు. "ఇదే ఆఖరు అత్తయ్యగారూ" అన్నాడు.

తర్వాతి శనివారం ఇల్లుగలావిడ తన పెనం తానే పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది, చేప తగిలిన పెనం శనికి పనికిరాదని. ముక్కుకి చున్నీ కట్టుకుంది. నేను చిలగడదుంప ఉడికించి, మెత్తగా మెదిపి, గుండ్రంగా తట్టి ఇచ్చాను. ఆవిడ కాల్చింది. మొదటిది విరిగింది. "రొట్టె విరిగితే లెక్కలోకి వస్తుందా?" అని ఆవిడ కంగారు. నేను ఇంకోటి తట్టాను. ఒక్క చుక్క నూనె. మావాడు మెట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా పైకి పోయింది. ఆవిడ పెనం మా పొయ్యి మీదే మర్చిపోయింది. వెనక్కి రాకూడదు కదా! నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ ఆదివారం గీతలు నాలుగు.

మూడు శనివారాలూ అలాగే నడిచాయి. ఇరవై ఒకటో రోజున ఆవిడ మా అందరికీ హల్వా పంచింది, వాడికి తప్ప. ఆవిడ భర్త స్కూటర్ అమ్మేశాడు కాబట్టి ఇక పడే అవకాశం లేదు. శని వదిలాడనే ఆవిడ లెక్క.

ఎనిమిది వారాలు నిండేసరికి మావాడి చంకల్లో కొత్త బొచ్చు మెత్తగా మొలిచింది. చెవుల్లో దోసెల పిండి వాసన పోయింది. ఇక డాక్టరు చెప్పినట్టు పాతవి ఒక్కొక్కటే పెట్టి చూశాం. చికెన్, వారం రోజులు, ఏమీ లేదు. అన్నం, ఏమీ లేదు. పెరుగు వేసిన రోజు వాడు పళ్లెంలోకి చూసి, నా వైపు చూసి, మళ్లీ పళ్లెంలోకి చూసి, నెమ్మదిగా తిని తనంతట తనే లేచాడు. పెరుగుకీ ఏమీ లేదు. ఏ పాపమూ ఎరగని పెరుగు కోసం మూడు వారాలు పోగొట్టుకున్నాం. ఆ సంగతి ఇంట్లో అందరి ముందూ ఒకసారి పైకే చదివాను.

చివర గోధుమ రొట్టె, సగం ముక్క. రెండో రోజు సాయంత్రానికి పేజీలో గీతలకు చోటు చాల్లేదు.

"గోధుమ" అన్నాడు డాక్టరు. జీవితాంతం వద్దన్నాడు. నాకు లోలోపల కొంచెం సంతోషం వేసింది. పదమూడేళ్లుగా ఈ ఊరి రొట్టె నాకూ కడుపులో రాయిలానే కూర్చుంటోంది. చెబితే అలవాటవుతుంది అంటారు. వాడికి డాక్టరు చీటీ ఉంది.

ఆ సాయంత్రమే పల్వల్ మిత్రుడు అల్లుడికి ఫోన్ చేశాడు. నేను వంటింట్లో పొద్దున ఉడికించిన చేపకి ముళ్లు ఏరుతున్నాను. బాల్కనీలో అల్లుడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"లేదు భాయ్, పంపడం లేదు" అంటున్నాడు హిందీలో. "మీ దగ్గర చుట్టూ గోధుమ చేలే కదా. రొట్టె తప్ప ఇంకేం పెడతారు? మావాడికి గోధుమ పడదు... అవును, టెస్టింగ్ అంతా పద్ధతిగా చేశాం. రికార్డు ఉంది."

లోపలికి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. తన పళ్లెంలోని చపాతీలను కుక్కకి అందకుండా రెండో వైపుకి జరుపుకున్నాడు. గుమ్మంలో మావాడు తన పళ్లెం ముందు ఇంకా లేవకుండా కూర్చుని ఉన్నాడు.

"అత్తయ్యగారూ, వాడికి పెరుగు వేశారా?"

"ఇదిగో, వేస్తున్నాను బాబూ" అని రెండు చెంచాలు వేసి, చెయ్యి కడుక్కుని పుస్తకం అందుకున్నాను.